వంక పెట్టిన కారు

పెళ్ళిళ్ళ సీజనుకి మా చీరాల కొట్టులో చీరలన్నీ ఒక్కసారి విప్పి పరిస్తే ఎలా ఉంటుందో, అక్టోబరులో వెస్ట్ వర్జీనియా కొండలు అలా ఉంటాయి. ఎరుపు, పసుపు, నారింజ, మధ్యలో అక్కడక్కడ అమ్ముడుపోని ముదురు ఆకుపచ్చ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మళ్ళీ కొండల్ని మెచ్చుకునే ఓపిక నాకు ఉండదు. మేము వెళ్ళింది కొండల కోసం కాదు. ఒక పాత కారు కొనడానికి వెళ్ళాం. కొనకుండా వచ్చాం.

మేము అంటే నేనూ, మా అమ్మాయి నిత్య. 2012 సంగతి. నిత్య పుట్టిందీ పెరిగిందీ నార్త్ కరొలైనాలోని క్యారీలోనే. అప్పుడు పన్నెండో తరగతి. స్కూల్లో కార్ల రిపేరు క్లాసు తీసుకుని, ఇంటికొస్తే గోళ్ళ కింద గ్రీజు కడుక్కోవడం కూడా మానేసింది. రెండేళ్ళుగా నాతో మాట్లాడేది "ఓకే", "ఫైన్" తప్ప పెద్దగా ఉండేది కాదు. అలాంటి పిల్ల ఒకరోజు భోజనాల దగ్గర, "నాన్నా, ఒక పాత మజిల్ కార్ కొందామా? మనిద్దరం ఫిక్స్ చేద్దాం," అంది. మజిల్ కారంటే అరవైల చివర్లో, డెబ్బైల మొదట్లో ఇక్కడి కుర్రాళ్ళ కోసం చేసిన కారు. రెండే తలుపులు, పొడుగాటి మూతి, లోపల లారీకి పెట్టాల్సినంత ఇంజిన్. నాకు వాటి మీద ఆసక్తి ఏమీ లేదు. "మనిద్దరం" అన్న మాట మీద ఉంది. వచ్చే ఆగస్టుకి తను కాలేజీకి వెళ్ళిపోతుంది. మా చేతిలో ఉన్నది ఆ ఒక్క చలికాలం.

గరాజ్ ఖాళీ చేశాం. మా ఆవిడ తన కారు తీసి బయట పెట్టుకుంది. "తుప్పు పట్టిన కారు లోపల, నా కొత్త కారు బయట. బాగుంది మీ వరస," అంది. అంటూనే చపాతీల్లో బంగాళాదుంప కూర చుట్టి కట్టిచ్చింది.

ఆ కారు పేరు ఇక్కడ రాయను. రాస్తే తెలిసినవాళ్ళు పెద్ద పెద్ద నిట్టూర్పులు విడుస్తారు. అవి వినే ఓపిక కూడా నాకు లేదు.

ఆపిల్ బల్ల

వర్జీనియాలో ఘాట్ రోడ్డు ఎక్కాక పక్కన ఒక బల్ల. దాని మీద ఆపిల్ సంచులు. సంచి నాలుగు డాలర్లని రాసిన అట్టముక్క, డబ్బులు వేయడానికి చీలిక పెట్టిన ఒక రేకు పెట్టె. మనిషి లేడు. కనుచూపు మేరలో ఇల్లు కూడా లేదు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పుకోవాలి. నేను మా నాన్న బట్టల కొట్టులో గల్లాపెట్టె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చుకున్నవాణ్ణి. మా దగ్గర బేరానికి ఒక పద్ధతి ఉంది. కొనేవాడు వస్తువుని మెచ్చుకోకూడదు. వంక పెట్టాలి. అంచు వెలిసిందనాలి, నేత పల్చగా ఉందనాలి. అమ్మేవాడు గుండె మీద చెయ్యేసుకుని నొచ్చుకోవాలి. చివరికి కొనేవాడు లేచి మెట్టు దిగాలి. అప్పుడు వెనకనుంచి, "రండి బాబూ, మీ మాట కాదు, నా మాట కాదు," అని పిలుపు రావాలి. ఇందులో ఎవరూ ఎవర్నీ నమ్మరు. కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు. అమెరికా వచ్చి ఇరవై ఏళ్ళయినా, చీటీ మీద ఉన్నది ధర కాదని, మాట మొదలుపెట్టే చోటని నా నమ్మకం. నేను సోఫా బేరం ఆడుతుంటే నిత్య వేరే సోఫాల వెనక్కి వెళ్ళి దాక్కునేది. ఈ పిల్లకి బేరం రాదే, రేపు ఎలా బతుకుతుందో అని నాకు నిజంగానే దిగులుగా ఉండేది.

ఆ బల్ల చుట్టూ ఒకసారి తిరిగాను.

"ఎవరూ లేరు నాన్నా. ఎవరితో ఫైట్ చేస్తావు?"

"ఫైట్ కాదమ్మా. మాట్లాడుకోవడం."

నాలుగు డాలర్లూ పెట్టెలో వేశాను. మనసొప్పక పక్క సంచిలోంచి ఒక కాయ తీసి మా సంచిలో కలిపాను. నిత్య నన్ను దాటి వెళ్ళి, తన జేబులోంచి పావలా డాలరు తీసి పెట్టెలో వేసింది. ఆ చప్పుడు చాలాసేపు కారులో మాతోనే వచ్చింది.

భాయ్ సాబ్

కొండ కింద సొరంగంలో వర్జీనియా అయిపోయి వెస్ట్ వర్జీనియా మొదలవుతుంది. ఒక రాష్ట్రం లోపలికి వెళ్ళి ఇంకో రాష్ట్రంలోంచి బయటికి రావడం నిత్యకి నచ్చింది. బ్లూఫీల్డ్ దగ్గర మోటెల్. కౌంటర్లో ఒక గుజరాతీ ఆవిడ, శాలువా కప్పుకుని. గది యాభై తొమ్మిది డాలర్లంది. రోడ్డు పక్కన లారీల మోత అన్నాను. హీటర్ వయసులో నాకంటే పెద్దదన్నాను. మా దగ్గర ఇలాంటి గదిలో జనాలు ఎదురు డబ్బులిస్తేనే ఉంటారన్నాను. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. నేను సంచి భుజాన వేసుకుని తలుపు తోశాను. తలుపుకి కట్టిన గంట మోగింది.

"భాయ్ సాబ్."

నలభై అయిదుకి తెగింది. ఆవిడ మొహంలోనూ నా మొహంలోనూ ఒకటే తృప్తి.

"ఇద్దరికీ ఫార్టీ ఫైవ్ అని ముందే తెలుసు కదా. స్ట్రెయిట్‌గా చెప్పుకోవచ్చు కదా?" అంది నిత్య గదిలో.

"చెప్పుకుంటే అది బేరం ఎలా అవుతుంది?"

"మీరిద్దరూ వియర్డ్."

చపాతీలు తింటూ రేపటి పాఠం చెప్పాను. కారు నచ్చినా మొహంలో కనిపించకూడదు. చూసింది తెలుగులో చెప్పాలి. నేను ఆయనతో ఏమన్నా మధ్యలో అడ్డు రాకూడదు. మా కొట్టులో నాన్నకీ గుమస్తాకీ మధ్య రహస్యపు మాటలు ఉండేవి, కొనేవాళ్ళకి అర్థం కాకుండా. అమెరికాలో ఆ తంటా లేదు, తెలుగే చాలు. నిత్య నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనన్న మాటకి నవ్వింది.

కప్పు కూలిన షెడ్డు

ఇంటర్నెట్లో ప్రకటన పెట్టింది ఆయన అక్క కొడుకట. కారు మాత్రం ఆయనది. ఆయన పేరు వెర్నన్. బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ముక్కుకి సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, వెనక చక్రాల మీద ఆక్సిజన్ సిలిండరు. ఆయన ఆగితే అదీ ఆగుతుంది, పెంపుడు కుక్కలాగా. భార్య పోయి చాలా కాలమైంది. వాగు పక్కన చెక్క ఇల్లు, ఇంటి పక్కన షెడ్డు. షెడ్డు కప్పు ఒక మూల కూలి ఉంది.

"ముందు తినండి. కారు ఎక్కడికీ పోదు," అన్నాడు.

మా ఊళ్ళో బేరానికి ముందు కూల్ డ్రింక్ తెప్పిస్తారు. తాగాక లేచి వెళ్ళడానికి మొహమాటం వేస్తుంది, అదీ లెక్క. ఇదీ అలాంటి ఎత్తేననుకున్నాను. ఉడికించిన బీన్స్, మొక్కజొన్న రొట్టె, పచ్చి ఉల్లిపాయ. ఉల్లిపాయ నంజుకుని రొట్టె తినడం చూస్తే మన జొన్నరొట్టె జ్ఞాపకం వచ్చింది. శాకాహారిని కదా, బీన్స్‌లో రుచి కోసం వేసిన పంది ఎముక సరిగ్గా నా గిన్నెలోకే వచ్చింది. నేను దాన్ని గరిటెతో పక్కకి నెట్టడం ఆయన చూశాడు. నా గిన్నె తీసేసి, ఇంకో రొట్టెముక్కా గ్లాసు మజ్జిగా పెట్టాడు. ఇది ఏ ఎత్తో నాకు అంతుపట్టలేదు.

కారు కొడుకుదట. పేరు డానీ. మొదటి జీతాలతో కొని, ఇంజిన్ విప్పి, ఒక్కో భాగం శుభ్రం చేస్తూ ఉండగా ఆ చలికాలమే జబ్బు చేసి పోయాడు. ఇరవై మూడేళ్ళు. విప్పిన బోల్టులన్నీ కాఫీ డబ్బాల్లో వేసి అరల మీద పెట్టుకున్నాడు. ఆ డబ్బాలు అలాగే ఉన్నాయి. తర్వాత ఎప్పుడో మంచు బరువుకి షెడ్డు కప్పు మూల కూలింది. అప్పటికే వెర్నన్ ఊపిరితిత్తులు పాడై నిచ్చెన ఎక్కే స్థితి లేదు.

"నాలుగు వేలు. నడిపించగలవాళ్ళకే ఇస్తాను. అది మళ్ళీ రోడ్డు మీద పోతుంటే ఒక్కసారి చూస్తే చాలు నాకు," అన్నాడు.

నీలం రంగు కారు. టైర్లు నేలలోకి దిగిపోయాయి. వెనక సీటులో ఏదో జంతువు కాపురం చేసిపోయింది. కారు బరువంతా మోసే అడుగు ఫ్రేము తుప్పు తినిందో లేదో చూడటానికి నిత్య టార్చీ, చిన్న సుత్తీ పట్టుకుని కారు కిందకి దూరింది. లోపల్నుంచి టక్, టక్, టక్. చాలాసేపు. తర్వాత జుట్టు నిండా తుప్పుతో బయటికొచ్చింది. మొహం రాయిలా పెట్టింది, నేర్పిన పాఠం ప్రకారం. గొంతు మాత్రం దాచుకోలేకపోయింది.

"నాన్నా, ఫ్రేమ్ సూపర్ ఉంది. అంతా కొట్టాను, సౌండ్ సాలిడ్. డోర్స్ కింద రస్ట్ ఉంది అంతే. మనం చేయగలం నాన్నా."

"ఏమంటోంది?" అన్నాడు వెర్నన్.

నేను నిట్టూర్చాను. ఈ నిట్టూర్పు మా నాన్న దగ్గరనుంచి వచ్చింది. "ఫ్రేము మొత్తం తుప్పు తినేసిందట. సుత్తితో కొడితే పొడి రాలుతోందట. రోడ్డెక్కితే రెండు ముక్కలవుతుందని భయపడుతోంది," అన్నాను.

నిత్య చప్పున నా వైపు చూసింది.

"నిజమా అమ్మాయ్?" అన్నాడాయన.

అడ్డు రాకూడదని నేనే చెప్పాను కదా. తల దించుకుంది. ఆయన దాన్ని అవుననుకున్నాడు.

మెట్టు దిగడం

"తుక్కు కిందే లెక్క. అయినా ఇంత దూరం వచ్చాం కాబట్టి పదిహేను వందలిస్తాను," అన్నాను.

వెర్నన్ కారు మూతి మీద చెయ్యి వేశాడు. నొచ్చుకోవడం అనే ఘట్టం వచ్చిందనుకున్నాను.

"లేదు బడ్డీ. అలాంటిది నీకు అమ్మలేను."

"రెండు వేలు."

"డబ్బు సంగతి కాదు. నీ పిల్ల అందులో కూర్చుంటుంది."

నా జన్మలో ఇలాంటి ఎత్తు చూడలేదు. లోపల మెచ్చుకున్నాను కూడా. రెండున్నర వేలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇక మిగిలింది మెట్టు దిగడమే. వస్తామని చెప్పి కదిలాను. నెమ్మదిగా నడిచాను, పిలిచేవాడికి సమయం ఇవ్వాలి కదా. ఊడిపోని బూటు తాడు వంగి మళ్ళీ కట్టుకున్నాను. వాగు వైపు చూసి నీళ్ళు బాగున్నాయన్నాను. వెనకనుంచి పిలుపు రాలేదు. కంకర మీద సిలిండరు చక్రాల చప్పుడు ఇంటివైపు వెళ్ళడం వినిపించింది. తలుపు మూసుకుంది.

"ఆయన పిలవరు నాన్నా," అంది నిత్య కారులో.

"రేపు పిలుస్తాడు. ఈ రాత్రి పడుకుని ఆలోచించుకోనీ."

"మన నంబర్ కూడా లేదు ఆయన దగ్గర."

ఆ సాయంత్రం మోటెల్లో నాతో మాట్లాడలేదు. గుజరాతీ ఆవిడ అల్లం టీ పంపితే అది కూడా తాగలేదు. తెల్లారాక మాత్రం బూట్లు వేసుకుంటూ, "ఫోర్ థౌజండ్ ఇచ్చేద్దాం. నా సమ్మర్ జాబ్ మనీ కూడా కలుపు. కాని ఫస్ట్ ఆయనకి కార్ బాగుందని చెప్పు," అంది. సరేనన్నాను. నిజంగానే సరేనన్నాను. ధర చీటీ మీద ఉన్నది ఉన్నట్టు ఇద్దామనుకుని బయల్దేరడం నాకు అదే మొదలు.

షెడ్డు ఖాళీగా ఉంది. కారు ఉన్నంత మేరా నేల పాలిపోయి, టైర్లు దిగిన నాలుగు గుంటలు. వెర్నన్ వరండాలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవబోయి, ఆయాసం వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"మంచిపని చేశారు మళ్ళీ వచ్చి. మీకు థాంక్స్ చెప్పలేదని బాధపడుతున్నాను," అన్నాడు. అక్క కొడుకు తెల్లవారగానే ట్రక్కు తెచ్చి కారుని తుక్కు యార్డుకి తీసుకెళ్ళాడట. "ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళంతా మంచి కారు, మంచి కారు అని వెళ్ళేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ కూలిన కప్పు కనపడేది. నిజం చెప్పింది మీరిద్దరే."

పార్టులేమైనా దొరుకుతాయేమో చూస్తామని చెప్పి యార్డుకి దారి అడిగాను.

తుక్కు యార్డు

తూకం గదిలో లావుపాటి కోటు వేసుకున్న ఒకావిడ పెప్పరోని రోల్ తింటోంది. బ్రెడ్డు లోపల మాంసం ముక్కలు పెట్టి కాల్చినది అది. గనిలోకి దిగేవాళ్ళు జేబులో వేసుకెళ్ళేవారట. మాకూ ఒకటి ఇవ్వబోయింది.

"నీలం కారా? ఇందాకే నొక్కేసి లారీలో వేసేశాం. ఇవాళ ఉక్కు మిల్లుకి లారీ వెళ్ళాలి, నిండకపోతే పంపరు," అంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు, "మావాడు అన్నాడు కూడా, కింద ఇనుము ఇంకా గట్టిగా ఉంది, ఎవరు పంపారో అని. తుక్కుకి ఇచ్చామని సంతకం పెట్టాక మాకెందుకు?"

లారీ మీద నొక్కేసిన కార్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, బీరువాలో మడతపెట్టిన తానుల్లాగా. పైనుంచి రెండోది నీలం. నిత్య దాని దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చింది.

"నేను అలా చెప్పలేదు నాన్నా."

"తెలుసమ్మా."

"ఆయన నేను చెప్పాననుకుంటున్నారు."

చెప్పబోయాను. బేరంలో వంక పెట్టడం అబద్ధం కిందకి రాదని, అవతలివాడు నమ్మడని, నమ్మకూడదని, అదొక పద్ధతని.

"ఆ రూల్స్ ఆయనకి ఎవరు చెప్పారు?" అంది.

లారీ కదిలింది. అది మలుపు తిరిగేదాకా చూసింది. "పద. వెళ్ళి ట్రూత్ చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

కాఫీ డబ్బాలు

మేము వెళ్ళేసరికి వెర్నన్ అక్క కొడుకు చేత కాఫీ డబ్బాలన్నీ వరండాలోకి తెప్పించి వరసగా పెట్టించాడు. "నీకే అమ్మాయ్. ఇంకో కారు దొరుకుతుంది నీకు. బోల్టులు ఎప్పుడైనా పనికొస్తాయి," అన్నాడు.

నిత్య నన్ను మోచేత్తో పొడిచింది. నేను గొంతు సవరించుకున్నాను. "నిన్న నేను చెప్పిన మాట గురించి," అని మొదలుపెట్టాను.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. నా వైపు చూడలేదు. "ఒక్కటి అడగాలి. కిందకి దూరి చూసింది నువ్వు కదా," అన్నాడు నిత్యతో. "ఆ కప్పు కూలినప్పుడే ఎవర్నైనా పిలిచి కప్పించి ఉండాల్సింది. పిలవలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ గడిపేశాను. అప్పుడే కప్పించి ఉంటే ఆ ఫ్రేము నిలిచేదా?"

గొట్టంలో గాలి సన్నగా కూస్తోంది. నిత్య నా వైపు చూసింది. దేనికైనా మాట అప్పటికప్పుడు పుట్టించగలనని పేరున్నవాణ్ణి. వంగి ఒక డబ్బాలోని బోల్టుల వైపు చూశాను. నిజం నాలుక మీదే ఉంది. ఆ నిజం ఆ మనిషిని ఏం చేస్తుందో ఎదురుగా కూర్చుని కనిపిస్తోంది.

నిత్య చిన్నగా నిట్టూర్చింది.

"లేదు సర్. అది చాలా పాత రస్ట్. రూఫ్ పడకముందు నుంచే పోయింది. హ్యామర్‌తో కొడితే పొడి రాలింది."

"ముందు నుంచే."

"అవును సర్. ఎవరూ ఏం చేయలేకపోయేవాళ్ళు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఆయన ఆ రెండు రోజుల్లో మొదటిసారి కుర్చీకి వెనక్కి ఆనుకున్నాడు.

అవి నా మాటలే. ఆ నిట్టూర్పు కూడా నాదే, మా నాన్నది. ఆ పిల్లకి రాదని నేను ఇన్నాళ్ళూ దిగులుపడ్డ విద్య ఒక్క రోజులో వచ్చేసింది. అవతలి మనిషి నమ్మాలని చెప్పింది, నమ్మాడు. తనకేమీ మిగుల్చుకోలేదు.

డబ్బాలు మా కారులో సర్దుకున్నాం. ఏమైనా తీసుకోమని డబ్బు తీస్తే, ఆయన అర్థం కానట్టు చూశాడు. జేబులో పెట్టేసుకున్నాను. తిరుగు దారిలో సొరంగం వచ్చేదాకా నిత్య కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సొరంగంలో ఏడ్చింది. అందులో చక్రాల మోత ఎక్కువ. బయటికొచ్చేసరికి మొహం తుడిచేసుకుంది. ఆపిల్ బల్ల దగ్గర ఆపనా అని అడిగాను. వద్దంది.

ఇంటికొచ్చాక డబ్బాలు గరాజ్ అరల మీద పెట్టింది. మా ఆవిడ వచ్చి వాటినీ, ఖాళీ నేలనీ చూసింది.

"ఇవి ఎంతకిచ్చాడు?" అంది. మా ఇంట్లో ఏ వస్తువొచ్చినా మొదట అడిగేది అదే.

"ఊరికే ఇచ్చారమ్మా," అంది నిత్య, వెనక్కి తిరక్కుండానే.

ఆ చలికాలమంతా మా ఆవిడ కారు బయటే ఉంది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ముందు అద్దం మీద మంచు తనే గీక్కునేది. లోపల పెట్టుకోమని మేము అనలేదు. పెట్టుకుంటానని తనూ అనలేదు.